లండన్‌లో తొమ్మిది రోజులు, ముగ్గురం, రోజుకు డెబ్భై పౌండ్లు: సరిపోతాయా?

తణుకు_టీచర్ | 14 ఏప్రిల్ 2025, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మే 20 నుంచి 28 దాకా నేను, మా నాన్నగారు (68), మా అబ్బాయి (పదేళ్ళు) లండన్‌లో ఉంటాం. విమానం టిక్కెట్లు, వీసాలు అయిపోయాయి. ఈస్ట్ హామ్‌లో ఒక తెలుగువారింట్లో గది మాట్లాడుకుని డబ్బు కూడా కట్టేశాను. వంటింట్లో పొయ్యి వాడుకోవచ్చన్నారు. ఇక మిగిలింది తిండి, తిరుగుడు, చూడటం. వీటన్నిటికీ కలిపి రోజుకు డెబ్భై పౌండ్లకు మించి నావల్ల కాదు. మూడేళ్ళు చీటీ కట్టి దాచిన డబ్బు ఇది.

ఒక ట్రావెల్ ఏజెంటు "తప్పక చూడవలసినవి" అని జాబితా ఇచ్చాడు. లెక్క వేస్తే ప్రవేశ టిక్కెట్లకే రోజుకు నూట ఇరవై దాటుతోంది. చూసి గుండె జారిపోయింది.

నాన్నగారు ఇరిగేషన్‌లో లస్కరుగా (కాలవ నీళ్ళు చూసుకునే పని) చేసి రిటైరయ్యారు. ఆయన అడిగింది ఒక్కటే, కాటన్ దొర సమాధి. మిగతాది నీ ఇష్టం అమ్మా అన్నారు. అబ్బాయికి రైళ్ళు, డైనోసార్లు కావాలి. ఇంత ఖరీదైన ఊళ్ళో ప్రతి పూటా పర్సు తడుముకోకుండా, ఆనందంగా తిరగ్గలమా? అక్కడ ఉన్నవాళ్ళు, వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

హై_స్ట్రీట్_నార్త్ | 14 ఏప్రిల్, రాత్రి 10:40

టీచర్ గారూ, తిరగ్గలరు. నేను ఈస్ట్ హామ్‌లోనే ఎనిమిదేళ్ళుగా ఉంటున్నాను. ముందు ప్రయాణాల సంగతి చెబుతాను, కొత్తగా వచ్చినవాళ్ళ డబ్బు తెలియకుండా కారిపోయేది అక్కడే.

బాబుకి పదకొండు నిండలేదు కాబట్టి బస్సులో టిక్కెట్టు లేదు. భూగర్భ రైలు ట్యూబులో, తేలికపాటి రైలు డీఎల్ఆర్‌లో, ఎలిజబెత్ లైనులో కూడా మీతో వస్తే ఉచితమే. వెడల్పు గేటు దగ్గర సిబ్బందికి చెప్పండి, పంపిస్తారు. మీకూ నాన్నగారికీ మాత్రం చెరొక కార్డు ఉండాలి. ఒకే కార్డు ఇద్దరికీ పనికిరాదు. మన బ్యాంకు కార్డు వాడేటట్లయితే విదేశీ లావాదేవీలు, ట్యాప్ సౌకర్యం రెండూ బయల్దేరకముందే ఆన్ చేయించుకోండి. నాన్నగారికి ఆయిస్టర్ కార్డు (ముందే డబ్బు వేసుకుని వాడే ఇక్కడి ప్రయాణ కార్డు) కొనేస్తే మనశ్శాంతి. ఇక్కడి పెద్దవాళ్ళకుండే ఉచిత పాసు ఊళ్ళో నివాసం ఉన్నవాళ్ళకే, చూడ్డానికి వచ్చినవాళ్ళకి రాదు.

ఇవన్నీ ఈ ఏడాది, 2025 రేట్లు. బస్సు ఎక్కడికైనా 1.75 పౌండ్లు. మొదటి బస్సు ఎక్కిన గంటలోపు ఇంకెన్ని బస్సులు మారినా మళ్ళీ కోయరు. రోజంతా బస్సుల్లోనే తిరిగితే మనిషికి 5.25 దగ్గర ఆగిపోతుంది, ఆపైన ఎంత తిరిగినా అంతే. ట్యూబు కూడా కలిపితే ఈస్ట్ హామ్ నుంచి ఊరి నడిబొడ్డు దాకా ఆ పరిమితి 10.50. అంటే మీ ఇద్దరికీ బస్సుల రోజు పదిన్నర, ట్యూబు రోజు ఇరవై ఒకటి. బస్సులో నోట్లు, చిల్లర తీసుకోరు. 2014లోనే ఆపేశారు.

హీత్రో నుంచి ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కకండి. పికడిల్లీ లైన్ ఎక్కి, బారన్స్ కోర్ట్‌లో అదే ప్లాట్‌ఫారం మీద అవతలి వైపు వచ్చే డిస్ట్రిక్ట్ లైనుకి మారితే నేరుగా ఈస్ట్ హామ్. ఒక్కొక్కరికి 5.80. సామాను మోస్తూ మెట్లెక్కే పని లేదు కాబట్టే ఆ స్టేషను చెబుతున్నాను.

వరంగల్_నడక | 15 ఏప్రిల్, ఉదయం 7:55

అక్కా, నేను స్టూడెంట్‌ని, ఇది రెండో ఏడు. వారమంత క్లాసులు, పార్ట్‌టైం. ఆదివారం ఒక్కటే ఖాళీ. గా ఆదివారాలల్లనే లండన్ మొత్తం నడుచుకుంట చూసిన. పైసలు లేక మొదలువెట్టిన, ఇప్పుడైతే ఇష్టంగ నడుస్తున్న.

వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన దాటి, నదికి దక్షిణం ఒడ్డున తూర్పు దిక్కు నడువుండ్రి. టవర్ బ్రిడ్జి దాక నాలుగున్నర కిలోమీటర్లు ఉంటది. నడుమల టేట్ మోడరన్ వస్తది. అది పాత కరెంటు కేంద్రం, 2000ల మ్యూజియం చేసిండ్రు. ఉచితం, బాత్రూంలు శుభ్రంగ ఉంటయి, కూర్చుని నీళ్ళు తాగొచ్చు. మే నెలాఖరుకు తొమ్మిది దాక వెలుతురు ఉంటది, కాబట్టి సాయంత్రం ఆరింటికి మొదలువెట్టినా ఏం కాదు.

ఎత్తుమీదికెళ్ళి ఊరు చూడనీకి టిక్కెట్టు కొనకుండ్రి. స్కై గార్డెన్ ఉచితం. కాకపోతే ముందే బుక్ చేయాలె, సోమవారం సోమవారం కొత్త తేదీలు ఇస్తరు, తొందరగ అయిపోతయి. అది దొరకకపోతే హొరైజన్ 22, యాభై ఎనిమిదో అంతస్తు, అదీ ఉచితమే.

తమ్ముడికి రైళ్ళు ఇష్టమన్నరు కదా? డీఎల్ఆర్‌ల డ్రైవరు ముందట కూర్చోడు. మొదటి సీటు దొరికితే బండి తనే నడుపుతున్నట్టుంటది. ఐలాండ్ గార్డెన్స్‌ల దిగుండ్రి. ఆడ థేమ్స్ నది కిందికెళ్ళి కాలినడక సొరంగం ఉన్నది, 1902ల కట్టిన్రు. నది కిందికెళ్ళి నడిచి గ్రీనిచ్‌ల తేలుతరు. ఒక్క పెన్నీ ఖర్చు లేదు. గుట్ట మీద అబ్జర్వేటరీ లోపలికి టిక్కెట్టుంటది, కని సున్నా డిగ్రీల రేఖ బయటి గోడ కాడ, కాలిబాట మీద గూడ గీసి ఉంటది. ఆడనే ఒక కాలు తూర్పున, ఒక కాలు పడమటన పెట్టుకోవచ్చు.

కృష్ణలంక_వాసి | 15 ఏప్రిల్, మధ్యాహ్నం 1:20

తమ్ముడు చెప్పింది కుర్రాళ్ళకి బాగుంటుంది. 68 ఏళ్ళ మనిషిని రోజూ అయిదు కిలోమీటర్లు నడిపిస్తారా? మేం నిరుడు మా అమ్మతో వెళ్ళాం. ఎక్కి దిగే టూరిస్టు బస్సు టిక్కెట్టు రెండు రోజులకి తీసుకున్నాం. అమ్మ పైన కూర్చుని ఊరంతా చూసింది. డబ్బు ఎక్కువైన మాట నిజమే. కానీ పెద్దవాళ్ళని తీసుకెళ్ళేది బాధపెట్టడానికి కాదు కదండీ.

హై_స్ట్రీట్_నార్త్ | 15 ఏప్రిల్, మధ్యాహ్నం 2:05

నాన్నగారి కాళ్ళ గురించి మీరు గుర్తుచేసింది చాలా ముఖ్యమండి. కానీ ఆ పైన కూర్చునే సుఖం మామూలు ఎర్రబస్సులోనూ ఉంది. 115 నంబరు బస్సు ఈస్ట్ హామ్‌లోనే బయల్దేరి ఆల్డ్‌గేట్ దాకా వెళ్తుంది. అక్కడికి దగ్గర్లో 15 ఎక్కితే టవర్, సెయింట్ పాల్స్, ఫ్లీట్ స్ట్రీట్, ట్రఫాల్గర్ స్క్వేర్. ఆ దగ్గర్లోనే 9 దొరుకుతుంది, గ్రీన్ పార్క్, హైడ్ పార్క్ పక్కనుంచి ఆల్బర్ట్ హాల్ మీదుగా పోతుంది. పై అంతస్తులో మొదటి వరస సీటు పట్టుకోండి. వ్యాఖ్యానం ఉండదు, అది బాబు ముందే చదువుకుని తాతగారికి చెబితే సరి.

నా సలహా: పొద్దున తొమ్మిదిన్నర దాటాక ట్యూబులో వెళ్ళి, సాయంత్రం బస్సులో తిరిగి రండి. ఆఫీసుల రద్దీలో నాన్నగారికి సీటు దొరకదు.

కృష్ణలంక_వాసి | 15 ఏప్రిల్, సాయంత్రం 6:48

ఆ 15 సంగతి మాకెవరూ చెప్పలేదు. అయితే నా అనుభవం ఇంకోటి కూడా రాస్తాను. అన్ని చోట్లకీ కలిపి ఇచ్చే పాసు కొన్నాం. రోజుకి మూడు చోట్లు చూస్తేగానీ పెట్టిన డబ్బు రాదు. అమ్మకి ఒక చోటు చూసేసరికే అలసట వచ్చేది. డబ్బు పోతోందని మేము తొందరపెట్టాం. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఆ పాసు జోలికి వెళ్ళకండి.

ధాన్యకటకం | 16 ఏప్రిల్, ఉదయం 6:30

టీచర్ గారూ, ఉచిత మ్యూజియాలంటే మిగిలిపోయినవాటితో సరిపెట్టుకోవడం అనుకోవద్దు. ఆ ఊళ్ళో అసలు చూడవలసినవే అవి. సౌత్ కెన్సింగ్టన్‌లో మూడు పక్కపక్కనే ఉన్నాయి. నేచురల్ హిస్టరీలో అబ్బాయికి డైనోసార్లు, సైన్స్ మ్యూజియంలో పాత ఆవిరి ఇంజన్లు, విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌లో టిప్పు సుల్తాన్ పులి బొమ్మ. ఇవన్నీ ఒకే రోజు పెట్టుకోకండి. ఉచితం కాబట్టి అరగంట చూసి బయటికి వచ్చి, పార్కులో పడుకుని, మళ్ళీ లోపలికి వెళ్ళొచ్చు. టిక్కెట్టు కొన్న చోట ఆ స్వేచ్ఛ ఉండదు.

ఇక బ్రిటిష్ మ్యూజియం. అందరూ రోసెట్టా రాయి దగ్గర మూగుతారు. మీరు గది నంబరు 33ఎ అడగండి. అమరావతి స్తూపం శిల్పాలు అక్కడ ఉన్నాయి. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించినవి. ముందు మద్రాసు చేరి, 1859లో ఓడెక్కి లండన్ వచ్చాయి. వాటిని అమరావతి మార్బుల్స్ అని పిలిచినా అది పాలరాయి కాదు, మన సున్నపురాయే. ఒక పలకను వెనకవైపు కూడా చూడండి. ఒక వైపు క్రీస్తుకు పూర్వం చెక్కినది. కొన్ని శతాబ్దాలు గడిచాక స్తూపాన్ని బాగుచేసినవాళ్ళు అదే పలకను తిప్పి రెండో వైపు కొత్తగా చెక్కారు. దాని మీద స్తూపం బొమ్మే ఉంది. ఇప్పుడు అమరావతిలో కనబడని స్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఆ రాయి మీద చూడాలి.

మాది గుంటూరు. మొదటిసారి ఆ గదిలో నిలబడినప్పుడు సంతోషమో దుఃఖమో చెప్పలేని స్థితి. ఇంత దూరం రావలసి వచ్చిందా అనిపించింది. అయినా ఆ గదిలో రెండు గంటలు కూర్చున్నాను, ఎవరూ లేవమనలేదు. ప్రవేశం ఉచితమే, ఆన్‌లైన్‌లో సమయం తీసుకుంటే వరసలో నిలబడే బాధ తప్పుతుంది. శుక్రవారాలు రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది, ఆ వేళ జనం పలచగా ఉంటారు.

పల్నాడు_పిల్లోడు | 16 ఏప్రిల్, ఉదయం 10:15

మరి కోహినూరు? అది కొల్లూరు గనిలోదంటారు. ఆ ఊరు ఇప్పుడు పులిచింతల నీళ్ళకింద ఉంది. దాన్ని చూడ్డానికి మనం టిక్కెట్టు కొనడమేంటండీ? టవర్ ఆఫ్ లండన్‌కి పెద్దవాళ్ళకి ముప్పై అయిదు పౌండ్లు దాటింది. నేనైతే బయటినుంచే చూసి వచ్చేశాను.

ధాన్యకటకం | 16 ఏప్రిల్, ఉదయం 11:02

మీ కోపం నాకూ ఉంది. కానీ మన నేలలోంచి వెళ్ళినదాన్ని మన పిల్లలు ఒకసారి కళ్ళారా చూడటం మంచిదని నా అభిప్రాయం. పొదుపంటే దేనికీ ఖర్చుపెట్టకపోవడం కాదు. ఎనిమిది రోజులు మిగిల్చి ఒక్క చోట మనసారా పెట్టండి. ఆ చోటు ఏదన్నది టీచర్ గారి ఇష్టం.

పోపుల_పెట్టె | 16 ఏప్రిల్, రాత్రి 8:30

తిండి గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. నెయ్యి, పాలకోవా, పూతరేకులు సర్దుకోకండమ్మా. పాలతో చేసినవి, మాంసం మన దేశం నుంచి ఇక్కడికి తేకూడదు, పట్టుకుంటే తీసేస్తారు. ఆవకాయ, కందిపొడి, కారప్పొడి, చింతపండు తెచ్చుకోవచ్చు. ఊరగాయ సీసా చెకిన్ సామానులోనే పెట్టండి. బియ్యం, పప్పు మోసుకురావద్దు, ఈస్ట్ హామ్ హై స్ట్రీట్‌లో అన్నీ దొరుకుతాయి, కరివేపాకుతో సహా.

మధ్యాహ్నానికి పులిహోర డబ్బా కట్టుకోండి. పాడవదు, వేడి చేసే పని లేదు, పార్కు బల్ల మీద కూర్చుని తినొచ్చు. పార్కుల్లో ముడుచుకునే గుడ్డ కుర్చీలు వేసి ఉంటాయి, వాటికి అద్దె వసూలు చేస్తారు. పక్కనే ఉన్న చెక్క బల్లలు ఉచితం. సూపర్ మార్కెట్లలో శాండ్‌విచ్, చిరుతిండి, పానీయం కలిపి మీల్ డీల్ అని నాలుగైదు పౌండ్లకి వస్తుంది. చీటికి మాటికి నీళ్ళ సీసాలు కొనకండి. కుళాయి నీళ్ళు తాగేవే.

ఒక్క పూట మాత్రం నాన్నగారిని ఇంకెక్కడికైనా భోజనానికి తీసుకెళ్ళండి. ఫిట్జ్‌రాయ్ స్క్వేర్ దగ్గర ఇండియన్ వైఎంసీఏ ఉంది, అందులో క్యాంటీన్‌లో బయటివాళ్ళకీ పెడతారు. లేదా సౌతాల్ గురుద్వారాలో లంగరు. అక్కడ తల కప్పుకుని, నేలమీద అందరితో కూర్చుని తినాలి. తిన్నాక వీలైతే కాసేపు సేవ చేయండి. అదొక ఉచిత భోజనం లెక్కన వెళ్ళొద్దని మాత్రం చెబుతాను.

సర్రే_గోదారి | 17 ఏప్రిల్, ఉదయం 9:00

ఆలస్యంగా చూశాను, క్షమించండి. కాటన్ దొర సమాధి లండన్‌లో కాదమ్మా, డార్కింగ్‌లో. సర్రే జిల్లాలో చిన్న పట్నం. ఆయన చివరి రోజులు అక్కడే గడిపి 1899 జూలైలో పోయారు. విక్టోరియా నుంచీ, వాటర్లూ నుంచీ రైళ్ళున్నాయి, గంట లోపే. స్టేషను నుంచి రీగేట్ రోడ్డు మీద ఉన్న శ్మశానానికి ఇరవై నిమిషాల నడక, నాన్నగారికి ఇబ్బందైతే టాక్సీ మాట్లాడుకోండి. తొమ్మిదిన్నర తర్వాతి రైలుకి రానూపోనూ టిక్కెట్టు ఒకేసారి తీసుకుంటే చవక. రైల్లో బాబుకి సగం టిక్కెట్టు.

మన గోదావరి జిల్లాలవాళ్ళు వస్తూనే ఉంటారు. మే నెలలో ఆ కొండలు పచ్చగా ఉంటాయి. ఒక పూట పూర్తిగా కేటాయించండి.

నాన్నగారికి ఓపిక ఉంటే ఇంకో సమాధి కూడా. బ్రౌన్ దొర లండన్‌లోనే కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉన్నారు. 1884లో పోయారు. ట్యూబు స్టేషను పక్కనే, ప్రవేశం ఉచితం. చాలా పెద్ద శ్మశానం, లోపల ఆఫీసులో అడిగి వెళ్ళండి. మీరు తెలుగు టీచరో కాదో తెలియదు, అయితే మాత్రం తప్పక వెళ్ళాలి.

తణుకు_టీచర్ | 17 ఏప్రిల్, రాత్రి 9:50

తెలుగు టీచర్నేనండి! ఏడో తరగతి పిల్లలకి బ్రౌన్ గురించి ఏటా చెబుతాను. ఆయన సమాధి దాకా వెళ్ళగలనని ఎప్పుడూ అనుకోలేదు. అందరికీ వేల నమస్కారాలు. వచ్చాక లెక్కలతో సహా రాస్తాను.

తణుకు_టీచర్ | 8 జూన్ 2025, ఉదయం 11:30

మాట ఇచ్చినట్టు రాస్తున్నాను. మొత్తం 630 పౌండ్లు అనుకున్నాం కదా, 548 అయ్యాయి. బస్సులు, ట్యూబు, డార్కింగ్ రైలు కలిపి 171. సరుకులు, బయటి తిండి 232. టవర్ టిక్కెట్లు 46. పడవలో ఒకసారి, చిన్న చిన్న కానుకలు, మిగతావి 99.

టవర్‌కి వెళ్ళామా అంటే, వెళ్ళింది నాన్నగారు, అబ్బాయి. ఆయనకి పెద్దవాళ్ళ తగ్గింపు, వాడికి పిల్లల టిక్కెట్టు. నేను బయట మెట్ల మీద కూర్చుని నదిని చూస్తూ చపాతీ తిన్నాను. లోపల కిరీటాల ముందు నిలబడనివ్వకుండా కదిలే పట్టీ మీద తీసుకెళ్తారట. వీళ్ళిద్దరూ మూడుసార్లు ఎక్కారట. "ఎలా ఉంది నాన్నా" అంటే "మన దగ్గర నేలలో ఉన్నన్నాళ్ళూ దానికి వెల లేదమ్మా" అన్నారు.

రెండు చోట్ల లెక్క తప్పాను. మొదటి రోజు నేను బ్యాంకు కార్డుతో ట్యూబు ఎక్కి, దిగేచోట ఫోనుతో తట్టాను. యంత్రం రెండిటినీ వేరువేరు మనుషులుగా లెక్కేసి రెండుసార్లు ఎక్కువ కోసింది. కార్డు అయితే చివరిదాకా కార్డే వాడండి. రెండోది, స్కై గార్డెన్‌కి సోమవారం మర్చిపోయాను. హొరైజన్ 22 దొరికింది. పై నుంచి చూస్తే థేమ్స్ మన పంట కాలవలా వంపులు తిరిగి ఉంది.

33ఎ గదికి శుక్రవారం సాయంత్రం వెళ్ళాం. ధాన్యకటకం గారూ, ఆ రెండు వైపులా చెక్కిన పలక దగ్గర మావాడు చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు. "అమ్మా, నోటుబుక్కు వెనకనుంచి రాసినట్టు" అన్నాడు. పిల్లలకి ఇలా చెబితే ఎంత బాగా ఎక్కుతుందో అనిపించింది. జూన్‌లో బడి తెరిచాక ఈ మాటే వాడుకుంటాను.

బ్రౌన్ సమాధి ఆఫీసులో అడిగి, గంట వెతికి పట్టుకున్నాం. అక్కడ నేనొక్కదాన్నే కాసేపు కూర్చున్నాను. వేమన పద్యం ఒకటి చదివాను. ఎవరూ లేరు, గట్టిగానే చదివాను.

డార్కింగ్ గురించి ఎలా రాయాలో తెలియడం లేదు. నాన్నగారు ఉదయం నాలుగింటికే లేచి తయారయ్యారు. ఇస్త్రీ చొక్కా, పైన కండువా. దారంతా మాట్లాడలేదు. సమాధి మీద పడ్డ ఎండుటాకులు చేత్తో ఏరి పక్కన పెట్టారు. తర్వాత మా అబ్బాయిని పిలిచి చెప్పారు: "ఈయన 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడురా. దాని కాలవ మీద నేను ముప్పై నాలుగేళ్ళు రోజూ పొద్దునా సాయంత్రం నీటిమట్టం రాశాను. ఒక్క రోజు తప్పలేదు." ఆ రిజిస్టర్ల సంగతి నాకు తెలుసు, మా చిన్నప్పుడు పండగ రోజున కూడా సైకిలేసుకుని వెళ్ళేవారు. కానీ ఆ మాట ఎవరికో లెక్క అప్పజెబుతున్నట్టు అక్కడ నిలబడి చెబితే వినడం అదే మొదటిసారి.

పాలకొల్లు_సీత | 8 జూన్, మధ్యాహ్నం 3:15

చదువుతుంటే కళ్ళు చెమర్చాయండి. మా నాన్నగారు కూడా లాకుల దగ్గర పనిచేశారు. మేం ఆగస్టులో వస్తున్నాం, ముగ్గురం పెద్దవాళ్ళం. డార్కింగ్ స్టేషను నుంచి మీరు నడిచారా, టాక్సీనా? ఆయనకి తుంటి ఆపరేషన్ అయింది.

తణుకు_టీచర్ | 8 జూన్, సాయంత్రం 5:40

వెళ్ళేటప్పుడు టాక్సీ, వచ్చేటప్పుడు ఆయనే నడుద్దామన్నారు. మీరు రెండు వైపులా టాక్సీయే పెట్టుకోండి, దారిలో కూర్చునే చోట్లు తక్కువ. సమాధి దగ్గర కూర్చోడానికి మడత కుర్చీ దొరికితే ఇంకా మంచిది.

ఇంకో మాట. నాన్నగారి ఆయిస్టర్ కార్డు హై_స్ట్రీట్_నార్త్ గారి దగ్గర వదిలి వచ్చాను. అందులో 3.40 పౌండ్లు ఉన్నాయి, గడువంటూ లేదట. మీ నాన్నగారికి తీసుకోండి. ఆయన తిరిగి వెళ్ళేటప్పుడు ఇంకెవరికైనా ఇస్తారు.

హై_స్ట్రీట్_నార్త్ | 8 జూన్, సాయంత్రం 6:02

కార్డు నా దగ్గర భద్రంగా ఉంది సీత గారూ. ఏ తేదీన దిగుతున్నారో రాయండి, స్టేషనుకి తెచ్చి ఇస్తాను.